నేల మీది లంకలు

బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దు దగ్గర బార్లె అనే చిన్న ఊరుంది. అక్కడ ఒక ఇల్లు ఏ దేశానిదో తేల్చాలంటే వీధి గుమ్మం ఏ దేశపు నేల మీద ఉందో చూస్తారు. సరిహద్దు గీత పడగ్గది మధ్య నుంచి పోయినా, వంటింటిని రెండుగా చీల్చినా, గుమ్మం ఎటుంటే ఇల్లు అటే. వీధుల్లో పరిచిన రాళ్ళ మీద తెల్లని శిలువ గుర్తులు వరసగా కనిపిస్తాయి. వాటికి ఒక పక్క ఒక దేశం, రెండో పక్క ఇంకో దేశం. ఇంటి నంబరు పలక మీద చిన్న జెండా ఉంటుంది. ఊరికి ఇద్దరు మేయర్లు, రెండు పురపాలక సంఘాలు, రెండు పోలీసు శాఖలు. గోదావరి నీటి మధ్య లంకలున్నట్టు, ఇక్కడ నెదర్లాండ్స్ నేల మధ్య బెల్జియం లంకలు 22 ఉన్నాయి. లంకలో మళ్ళీ చెరువు ఉన్నట్టు, ఆ బెల్జియం లంకల్లో నెదర్లాండ్స్ ముక్కలు 7 ఉన్నాయి. ప్రపంచ వింతల జాబితాల్లో ఇలాంటివి తరచూ చదువుతాం, నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. కానీ వీటిని అక్కడితో వదిలేస్తే విలువైన విషయమొకటి చేజారిపోతుందని నా నమ్మకం. గీత ఎన్ని మెలికలు తిరిగిందన్న లెక్కతో ఆ నేల మీది మనుషుల సుఖదుఃఖాలు తేలవు. గీతకు ఇరువైపులా ఉన్న ప్రభుత్వాలు ఒకదానితో ఒకటి ఎలా మసలుకుంటున్నాయో దానిని బట్టి తేలతాయి. ఒకే రకం మెలిక ఒకచోట పర్యాటకులకు ముచ్చటగానూ, ఇంకోచోట తరాలపాటు శిక్షగానూ ఎందుకు మారిందో చూస్తే ఈ సంగతి బోధపడుతుంది.

బార్లె మెలికకు 800 ఏళ్ళు దాటాయి. 1198లో బ్రబాంట్ డ్యూక్ హెన్రీ ఈ ప్రాంతపు భూముల్ని బ్రెడా ప్రభువు గాడ్‌ఫ్రీకి జాగీరుగా ఇస్తూ, అప్పటికే జనం ఉండి, సాగులో ఉండి, శిస్తు వచ్చే చెక్కల్ని తన కిందే ఉంచుకున్నాడు. అలా ఊరు గళ్ళ గళ్ళుగా విడిపోయింది. బ్రెడా తర్వాతి కాలంలో నస్సావ్ వంశానికి చేరింది కాబట్టి ఒక భాగం బార్లె-నస్సావ్ అయింది. డ్యూక్ భాగం బార్లె-హెర్టోగ్‌గా నిలిచింది, డచ్చి భాషలో హెర్టోగ్ అంటే డ్యూకే. ఇద్దరు జమీందార్ల మధ్య వాటాగా ఉన్నది, 1830లో బెల్జియం విడిపోయాక రెండు దేశాల మధ్య సరిహద్దు అయి కూర్చుంది. 1843 నాటి మాస్ట్రిక్ట్ ఒప్పందంలో అధికారులు సరిహద్దు పొడవునా గీత గీసుకుంటూ వచ్చి ఈ ఊరి దగ్గర చేతులెత్తేశారు. గీత గీయడం మానేసి, 5,732 చెక్కల్ని ఒక్కొక్కటిగా పేర్కొంటూ ఏది ఎవరిదో చిట్టా రాసుకున్నారు. మన కరణాల అడంగల్‌ను తలపించే పని అది. చెక్కల్ని మార్చుకుని సరిహద్దును చక్కదిద్దుకుందామని 1892లో కుదిరిన ఒప్పందానికి ఆమోదమే దొరకలేదు. చిట్టాలోని రెండు చెక్కల మీద తగవు మిగిలితే, దాన్ని అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకెళ్ళారు. 1959లో ఆ న్యాయస్థానం 10-4 ఆధిక్యంతో బెల్జియం పక్షాన తీర్పు చెప్పింది, నెదర్లాండ్స్ ఒప్పుకుంది. ఒక పల్లెలోని రెండు పొలాల కోసం అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళారంటే వింతగా అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ పొలాల కోసం ఇంకే మార్గమూ తొక్కలేదన్న సంగతే గొప్పగా కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ బెల్జియంను ఆక్రమించింది గానీ బార్లెలోని బెల్జియం లంకల్లో అడుగుపెట్టలేకపోయింది. వాటిని చేరాలంటే తటస్థ దేశమైన నెదర్లాండ్స్ నేలను దాటాలి. ఆ రక్షణను ఆసరా చేసుకుని బెల్జియన్లు 1915లో అక్కడ రేడియో ప్రసార కేంద్రాన్నే నడిపారు.

ఇప్పుడు మన దేశపు తూర్పు వైపు చూడండి. 2015 దాకా పశ్చిమ బెంగాల్‌లోని కూచ్ బెహార్ చుట్టుపక్కల ఇలాంటి లంకలే, ఇంకా చాలా ఎక్కువ సంఖ్యలో ఉండేవి. వాటిని అక్కడివాళ్ళు ఛిట్ మహల్ అంటారు. బంగ్లాదేశ్ లోపల భారత్‌వి 111, భారత్ లోపల బంగ్లాదేశ్‌వి 51. కూచ్ బెహార్ రాజు, రంగపూర్ పాలకుడు చదరంగంలో ఊళ్ళను పందెం కాసుకోవడం వల్ల ఇవి పుట్టాయని ఒక కథ ప్రచారంలో ఉంది. చరిత్రలో కనిపించే కారణం వేరు: 18వ శతాబ్దం తొలినాళ్ళలో కూచ్ బెహార్‌కూ మొగలాయీలకూ జరిగిన యుద్ధాలు, 1713 ప్రాంతంలో కుదిరిన సంధి. ఎవరి బలగం ఎక్కడ నిలిచి ఉందో ఆ నేల వాళ్ళదయింది. ఈ లంకల్లో దహలా ఖాగ్రాబారీ అనేది లోకంలో ఇంకెక్కడా లేని మెలిక. బంగ్లాదేశ్ నది అనుకుంటే దాని మధ్య భారత్ లంక, ఆ లంకలో బంగ్లాదేశ్ చెరువు, ఆ చెరువు మధ్యన మళ్ళీ భారత్ దిబ్బ. ఆ దిబ్బ విస్తీర్ణం ఎకరం డెబ్భై సెంట్లకు కాస్త అటూ ఇటూ. చదివినప్పుడు పెదవుల మీదికి నవ్వు రావడం సహజమే. కానీ 2011లో రెండు ప్రభుత్వాలూ కలిసి తలలు లెక్కపెడితే, ఈ లంకల్లో 51,549 మంది తేలారు. వాళ్ళకు కరెంటు లేదు, ఆసుపత్రి లేదు, పోలీసు లేడు, ఓటు లేదు. తమ దేశపు కార్యాలయానికి వెళ్ళాలంటే పరాయి దేశం మీదుగా పోవాలి. పోవడానికి కాగితాలు కావాలి. ఆ కాగితాలిచ్చే కార్యాలయం పరాయి దేశానికి అవతల ఉంది. పిల్లల్ని బడిలో వేయడానికి పక్క ఊరివాళ్ళ పేరును తండ్రి పేరుగా రాయించుకున్న కుటుంబాలు ఎన్నో.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇంత కష్టానికి మూలం ఆ మెలికే కదా, గీత తిన్నగా ఉంటే ఇదంతా ఉండేదే కాదు కదా అని. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కాలక్రమంలోనే ఉంది. ఈ లంకలు పుట్టి 200 ఏళ్ళకు పైగా జనం వాటిలోంచి సంతకూ పెళ్ళికీ పొలానికీ తిరుగుతూనే ఉన్నారు. ఒక లంక రాజుగారిది, చుట్టూ ఉన్నది ఇంగ్లీషువాళ్ళది అయినా దారికి అడ్డం పెట్టినవాళ్ళు లేరు. దేశ విభజన జరిగింది, 1949లో కూచ్ బెహార్ భారత్‌లో విలీనమైంది, 1952లో భారత్‌కూ నాటి తూర్పు పాకిస్తాన్‌కూ మధ్య పాస్‌పోర్టు పద్ధతి వచ్చింది. గీత అంగుళం కూడా జరగలేదు, దాని మీద కాపలా మాత్రం వచ్చింది. ఆ కాపలాతోనే లంక కాస్తా బందిఖానా అయింది. మరి చివరికి 2015 జులై 31 అర్ధరాత్రి లంకల్ని మార్చుకుని గీతను తిన్నగా చేయడంతోనే కదా కష్టం తీరింది అనవచ్చు. నిజమే, అక్కడ అదే మంచి పరిష్కారం. కానీ మార్చుకుందామన్న ఆలోచన 1958లో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్‌ల నాడే ఒప్పందంలోకి ఎక్కింది. 1974లో ఇందిరా గాంధీ, ముజిబుర్ రెహమాన్ మళ్ళీ సంతకాలు చేశారు. బంగ్లాదేశ్ ఆ ఏడాదే ఆమోదించింది. మన పార్లమెంటు రాజ్యాంగానికి 100వ సవరణ చేసేసరికి 2015 వచ్చింది. ఒప్పందాలు ఎప్పుడో సిద్ధంగా ఉన్నాయి, వాటిని అమలుచేసే స్నేహం సిద్ధం కావడానికే అన్నేళ్ళు పట్టింది. మార్పిడి రోజున ఎవరికి ఏ పౌరసత్వం కావాలో కోరుకోమంటే, బంగ్లాదేశ్ వైపు లంకల నుంచి భారత్‌కు తరలి వచ్చినవాళ్ళు వెయ్యిమందికి లోపే. భారత్ వైపు లంకల్లోని వాళ్ళంతా ఉన్నచోటే ఉండి భారతీయులయ్యారు. వాళ్ళకు కావలసింది కొత్త నేల కాదు, ఉన్న నేల మీద తిరిగే హక్కు.

తిన్నని గీత మందు కాదనడానికి ఆఫ్రికాలో సాక్ష్యం ఉంది. ఈజిప్టు, సూడాన్‌ల మధ్య 1899లో బ్రిటిష్‌వాళ్ళు 22వ అక్షాంశం వెంట స్కేలు పెట్టినంత తిన్నగా సరిహద్దు గీశారు. అక్కడి సంచార జాతుల రాకపోకలను బట్టి 1902లో పాలన కోసం మరో వంకర గీత గీశారు. తిన్నని గీత ప్రకారం సముద్రపు ఒడ్డున ఉన్న విలువైన హలాయిబ్ ప్రాంతం ఈజిప్టుది, వంకర గీత ప్రకారం సూడాన్‌ది. కాబట్టి ఈజిప్టు తిన్నని గీతే అసలైనదంటుంది, సూడాన్ వంకర గీతే అసలైనదంటుంది. ఈ పోటీలో బీర్ తవీల్ అనే 2,060 చదరపు కిలోమీటర్ల ఎడారి ఎవరికీ కాకుండా పోయింది. ఇది మాది అని ఎవరు అన్నా, హలాయిబ్ మీద హక్కు వదులుకున్నట్టే. ఆ నేలకు తానే రాజునని దూరదేశాల నుంచి వచ్చి జెండా పాతినవాళ్ళ వార్తలు అప్పుడప్పుడూ వస్తుంటాయి. ఆ వార్తల్లో కనిపించనిది, అక్కడ తరతరాలుగా పశువుల్ని మేపుకుంటున్న అబాబ్దా జాతివాళ్ళ ఉనికి. వింతను వింతగా మాత్రమే చూస్తే మనుషులు ఇలాగే కంటికి ఆనరు.

బేరింగ్ జలసంధిలో డయోమీడ్ దీవుల గీత కూడా తిన్ననిదే. 1867లో అమెరికా అలాస్కాను రష్యా నుంచి కొన్నప్పుడు రెండు దీవుల మధ్య నుంచి దాన్ని గీశారు. పెద్దది రష్యాది, చిన్నది అమెరికాది, నడుమ దూరం 4 కిలోమీటర్లకు లోపే. అంతర్జాతీయ దినరేఖ కూడా అక్కడినుంచే పోవడంతో ఒక దీవిలో ఇవాళైతే రెండో దీవిలో రేపు. పిల్లల పుస్తకాలు ఇంతవరకు చెప్పి ఆగిపోతాయి. రెండు దీవుల ఆదివాసులూ బంధువులు, ఒకరింటికి ఒకరు పడవల మీద వెళ్ళేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వైరం ముదిరి, సోవియట్ ప్రభుత్వం పెద్ద దీవి జనాన్ని ఖాళీ చేయించి ప్రధాన భూభాగానికి తరలించింది. కళ్ళకు కనిపించే దూరంలోని చుట్టాలు దశాబ్దాలపాటు కలుసుకోలేకపోయారు. 1987లో లిన్ కాక్స్ అనే అమెరికా ఈతగత్తె గడ్డకట్టే చలి నీళ్ళలో చిన్న దీవి నుంచి పెద్ద దీవికి ఈదితే, ఆ డిసెంబరులో వాషింగ్టన్ వచ్చిన సోవియట్ నేత గోర్బచేవ్ ఆమె ఈతను స్నేహానికి గుర్తుగా తలుచుకున్నారు. స్నేహం ఉంటే ఎలా ఉంటుందో చూపడానికి బిడసోవా నది మీది ఫెజంట్ దీవి చాలు. స్పెయిన్, ఫ్రాన్స్‌ల మధ్య 1659 సంధి జరిగిన ఆ మనుషుల్లేని చిన్న దీవి, ఏడాదిలో ఆరు నెలలు స్పెయిన్‌ది, ఆరు నెలలు ఫ్రాన్స్‌ది. ఫిబ్రవరిలో ఒకరు, ఆగస్టులో ఒకరు బాధ్యత అందుకుంటారు.

బార్లె, ఫెజంట్ దీవి డబ్బున్న యూరప్ దేశాల ముచ్చట్లు, సంపద ఉన్నచోట సరిహద్దు ఎలా ఉన్నా నడుస్తుందని మరొక వాదన ఉంది. దీన్ని కొట్టిపారేయలేం, యూరోపియన్ యూనియన్ వచ్చాక బార్లె బతుకు సులువైన మాట వాస్తవం. కానీ సంపద ఒక్కటే సరిపోదని ఉత్తర అమెరికాలోని ఒక గ్రంథాలయం చెబుతోంది. అమెరికాలోని డెర్బీ లైన్, కెనడాలోని స్టాన్‌స్టెడ్ ఊళ్ళ మధ్య సరిగ్గా సరిహద్దు మీద హాస్కెల్ గ్రంథాలయాన్ని, నాటకశాలను కట్టారు. 1904లో తెరుచుకున్న ఆ భవనాన్ని రెండు ఊళ్ళ జనం కలిసి వాడుకోవాలని కావాలనే అలా కట్టారు. చదువుకునే గదిలో నేల మీద నల్లటి గీత. నాటకశాలలో వేదిక కెనడాలో, కుర్చీలు ఎక్కువ భాగం అమెరికాలో. ముఖద్వారం అమెరికా వైపు ఉన్నా, కెనడా వాళ్ళు పక్కనున్న కాలిబాట మీదుగా పాస్‌పోర్టు చూపకుండా నడిచి వచ్చేవాళ్ళు. నూరేళ్ళకు పైగా అలా సాగింది. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం ఆ దారి మీద ఆంక్షలు ప్రకటించింది. కెనడా వాళ్ళ కోసం భవనానికి వెనక ఉన్న అత్యవసర ద్వారాన్ని ప్రవేశద్వారంగా మార్చుకోవలసి వచ్చింది. రెండూ సంపన్న దేశాలే, ఆ నల్ల గీత అక్కడే ఉంది.

తెలుగు నేల మీద కూడా ఒక లంక ఉంది. గోదావరి పాయ ఒడ్డున, చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉండగా, పాలన మాత్రం వందల కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరి నుంచి సాగే యానాం. ఇది ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న కాలంలో, 1929 శారదా చట్టం బాల్య వివాహాల్ని నిషేధిస్తే, బ్రిటిష్ ఆంధ్ర నుంచి కుటుంబాలు పిల్లల్ని తీసుకుని యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేసేవి. ఆ చట్టం అక్కడ చెల్లదు మరి. ఆ ఊరికి కల్యాణపురమన్న పేరు రావడానికి ఇదే కారణమంటారు. పేరు అందంగా ఉన్నా, దాని వెనక ఉన్నది చట్టం కళ్ళు కప్పి బాలికలకు చేసిన అన్యాయం. లంక అన్నాక అన్నీ ముచ్చట్లే అనుకోకూడదని యానాం కూడా గుర్తు చేస్తుంది. ఫ్రెంచి పాలన 1954లో ముగిసినా యానాం ఆంధ్రలో కలవలేదు. ఫ్రాన్స్‌తో 1956లో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఈ పూర్వపు ఫ్రెంచి ప్రాంతాల హోదా మార్చాలంటే ముందు ప్రజల అభీష్టం తెలుసుకోవాలి. భారత్ ఆ మాట నిలబెట్టుకుంది. అవతలి గట్టుకు వెళ్ళాలంటే కాగితాలు అక్కర్లేదు కాబట్టి యానాం బందిఖానా కాలేదు. రాష్ట్రాల మధ్య గీతలు కూడా జనాన్ని ఇబ్బంది పెట్టగలవన్నది వేరే సంగతి. 2014 తర్వాత భద్రాచలం పట్టణం తెలంగాణలోనూ, దాని చుట్టుపక్కల ఊళ్ళు చాలావరకు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉండిపోయాయి. రామాలయానికి చెందిన భూములు పొరుగు రాష్ట్రంలోని పురుషోత్తపట్నంలో ఉన్నాయి. ఊరి చెత్త ఎక్కడ వేయాలన్న చిన్న ప్రశ్నకు కూడా రెండు ప్రభుత్వాల వైపు చూడవలసి వస్తోంది.

మళ్ళీ కూచ్ బెహార్‌కు వస్తే, అక్కడ 2015 మార్పిడి తర్వాత కూడా ఒక పెద్ద లంక మిగిలే ఉంది. దాని పేరు దహగ్రామ్-అంగర్‌పోతా. బంగ్లాదేశ్‌కు చెందిన ఆ ఊళ్ళ చుట్టూ భారత్ ఉంది. బయటికి రావాలంటే తీన్ బీఘా అనే సన్నని భారత భూభాగాన్ని దాటాలి. ఆ దారిని భారత్ 1992లో బంగ్లాదేశ్‌కు కౌలుకిచ్చింది. మొదట్లో గేటు పగటి పూట కొన్ని గంటలే తెరిచేవాళ్ళు. రాత్రిపూట ఎవరికైనా నొప్పులొచ్చినా, పాము కరిచినా తెల్లవారేదాకా ఆగాల్సిందే. 2011 నుంచి ఆ గేటు 24 గంటలూ తెరిచే ఉంటోంది.