పరువు పేరుతో కులం కాపలా

కన్నకూతురిని చంపిన తండ్రి ఉదంతాన్ని మన పత్రికలు ‘పరువు హత్య’ అని రాస్తాయి. హంతకుడు చెప్పుకునే సాకునే నేరానికి పేరుగా పెడుతున్నాం. ఆ పేరు చాటున దాగివున్నది కులం.

స్వకుల వివాహమే కులానికి ప్రాణమని 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో అంబేడ్కర్ వివరించారు. పెళ్లిళ్లు కులం లోపలే సాగాలంటే స్త్రీ పురుషుల సంఖ్య సరిపోవాలి. భర్త పోయిన స్త్రీ ఆ లెక్కలో ‘మిగులు’. ఆమె కులం గీత దాటకుండా చితిపై కాల్చడం సతి. బతికుండగానే బంధించడం నిర్బంధ వైధవ్యం. భార్య పోయిన పురుషునికి మాత్రం పసిపిల్లనిచ్చి పెళ్లి చేశారు.

ఈ పత్రాన్ని బోధించేటప్పుడు విద్యార్థులు నన్ను తరచూ అడుగుతారు: సతి పోయింది కదా, ఇదంతా గతం కాదా అని. సతి పోయింది గానీ దాన్ని పుట్టించిన లెక్క పోలేదన్నదే నా సమాధానం. 2018లో మిర్యాలగూడలో దళిత యువకుడు హత్యకు గురైతే పోలీసులు ప్రధాన నిందితునిగా చూపింది అతని భార్య తండ్రినే. ప్రాణం పోయింది అతనిది. శిక్షించదలచింది ఆమె ఎంపికను. 2006లో మహారాష్ట్రలోని ఖైర్లాంజీలో దళిత తల్లినీ, కూతురినీ, ఇద్దరు కొడుకులనూ చంపారు. దోషులకు శిక్ష పడింది గానీ, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని, అది పగతో జరిగిన హత్య అని హైకోర్టు భావించింది. ఒకచోట పరువు, మరొకచోట పగ. రెండుచోట్లా కులం పేరు మాయమైంది.

వరకట్న మరణాలను ఈ చర్చలోకి తీసుకురాము. కట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చినా, జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో నమోదైన కట్న మరణాల కేసులు 6,400కు పైనే. కట్నం చాలావరకు కులం లోపలి సంబంధానికి కట్టే ధర. కులం దాటి పెళ్లాడిన కూతురిని చంపే పరువే, అత్తింటి హింస తాళలేక వచ్చిన కూతురిని ‘సర్దుకుపో’ అని వెనక్కి పంపుతుంది. మొదటి మరణానికి తండ్రి నిందితుడవుతాడు. రెండో మరణంలో ఆ ఇంటి పాత్ర ఏ అభియోగపత్రంలోనూ కనిపించదు.

కులాంతర, మతాంతర జంటల రక్షణకు ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం ఉండాలని, ఆశ్రయ గృహాల ఏర్పాటును ప్రభుత్వాలు పరిశీలించాలని 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేజరైన యువతిని ఠాణా నుంచి తల్లిదండ్రులకు అప్పగించే అలవాటు మానాలి. కూతుళ్లకు సమాన వాటా కల్పించే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే వచ్చింది. ఆ వాటా నిజంగా చేతికందిన కూతురికి పుట్టింటి గడప ఎవరి దయా కాదు.

విద్యార్థి సంఘాలకు నాదొక సూచన. మీ జిల్లాలో ఆ ప్రత్యేక విభాగం ఉన్నదా, ఎన్ని జంటలకు రక్షణ కల్పించిందన్న ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. వచ్చిన జవాబును పదిమంది ముందు పెట్టండి.