చేతివాటం – వైకల్యపు కొలత

వడ్లమూడి చేలల్లో వరికోతకు వంగిన కూలీల వరుసను చూడండి. అందరూ కొడవలి కుడిచేత పట్టి, ఎడమచేత దుబ్బు పట్టుకొంటారు. ఎక్కడో ఒకడు పుర్రచేతివాడు వుంటాడు. అతని ఎడమచేయి దెబ్బతింటే ఆ నష్టాన్ని కొలవడం ఎట్లా?

చేతివాటమనే మాటకు లోకంలో మరొక అర్థమున్నది. దానితో మనకిప్పుడు పనిలేదు.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం మొదట మోచేతి దగ్గరగాని, ఆ పైనగాని కుడిచేయి పోతే నూటికి 70, ఎడమచేయి పోతే 60 అని లెక్క కట్టింది. ఎడమచేతితో బ్రతికేవాడుంటాడన్న ఊహ అందులో లేదు. తరువాత ఆ తేడాను తొలగించారు.

వికలాంగుల ధ్రువీకరణకై కేంద్ర ప్రభుత్వం 2018 జనవరి 4న ప్రకటించిన మార్గదర్శకాలు మరింత సూక్ష్మమైనవి. బాహువును, హస్తాన్ని వేరుచేసి ఒక్కొక్కదానికి 90 పాళ్ళు పెట్టాయి. హస్తంలో పట్టుకొనే నేర్పుకు 30, స్పర్శకు 30, బలానికి 30. ఆ స్పర్శలోనే బొటనవ్రేలికి 9, చూపుడువ్రేలికి 6, తక్కిన మూడింటికి అయిదేసి. బొటనవ్రేలి విలువను ఏకలవ్యుని కథ విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. బాహువుకు 45, హస్తానికి 20 లోపం తేలితే మొత్తం 65 కాదు, 55. మొదటి లోపం పోగా మిగిలిన శక్తిలోనే రెండవ లోపాన్ని లెక్కిస్తారన్నమాట.

నొప్పి, వంకర మొదలైన వాటికి అదనంగా ఇచ్చే 10 పాళ్ళలో వాటపుచేతికి 4 కేటాయించారు. నాలుగే కదా అనుకోకండి. బాహువు బాగుండి, హస్తానికి మాత్రమే 37 లోపమున్నవాడు ఈ నాలుగుతో 41కి చేరుకొంటాడు. 2016 చట్టం ప్రకారం ఉద్యోగాలలో ప్రత్యేక స్థానాలకు హద్దు 40.

చిక్కు ఇక్కడే వున్నది. మన ఇండ్లలో పిల్లవాడు ఎడమచేత ముద్ద ఎత్తితే చేతిమీద కొట్టి మాన్పిస్తాం. బడిలో పలక బలపం కుడిచేతికి మారుతుంది. పెద్దయిన తరువాత అతడు కుడిచేత తింటాడు, సంతకం చేస్తాడు; కొడవలి, గొడ్డలి మాత్రం ఎడమచేతనే పడతాడు. సంతకం చూసి వాటం నిర్ణయిస్తే అతనికి ఆ నాలుగు పాళ్ళూ దక్కవు.

నూటికింత అనే అంకె జీవనాధారాన్ని పూర్తిగా చెప్పదు కూడ. ఎడమచేయి మోచేతి పైన కోల్పోయిన ఒక వడ్రంగికి, చట్టంలోని పట్టిక ఎంత చెప్పినా, సంపాదనశక్తి నూటికి నూరుపాళ్ళూ పోయినట్లేనని సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో అంగీకరించింది. చిత్రిక పట్టడానికి రెండు చేతులూ కావాలి మరి.

కనుక పరీక్షకు వెళ్ళేవారు ఏ చేత వ్రాస్తారో చెప్పి ఊరుకోక, ఏ చేత కొడవలి పడతారో, ఏ చేత రాయి విసురుతారో, మోకు ఏ చేత లాగుతారో అడగకముందే వైద్యునికి చెప్పాలి.