కింది కోర్టులో ఓడిపోతే చేతిలో ఉండేది 30 రోజులే: సివిల్ అప్పీలు ఎలా నడుస్తుంది?

హిందూపురంలో ఒక కుటుంబం ఉందనుకుందాం. అబ్బాజాన్ చనిపోకముందు ఇల్లు చిన్న కూతురికి హిబా చేశారు. తర్వాత అన్నలు పంపకం దావా వేశారు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టు హిబా చెల్లదంది. చెల్లెలు దిగాలుగా ఇంటికొస్తే మామూ ఓదార్చాడు: "ఏడవకు బేటీ, పైకోర్టు ఉంది కదా. పండగ కానీ, వెళ్దాం."

పైకోర్టు ఉన్న మాట నిజమే. కానీ "పండగ కానీ" అన్న మాటే కొంప ముంచుతుంది. అప్పీలుకు గడువు ఉంది, అది తీర్పు వచ్చిన రోజు నుంచే నడుస్తుంది.

ఏ కోర్టు నుంచి ఏ కోర్టుకు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్లలోనూ సివిల్ కోర్టులున్నాయి. జూనియర్ సివిల్ జడ్జి డిక్రీ మీద మొదటి అప్పీలు పైనున్న సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకో, జిల్లా జడ్జి స్థాయి కోర్టుకో పోతుంది. సీనియర్ సివిల్ జడ్జి డిక్రీ అయితే దావా విలువను బట్టి జిల్లా కోర్టుకు గానీ, అమరావతిలోని హైకోర్టుకు గానీ పోతుంది. ఆపైన సుప్రీంకోర్టు.

అమెరికాలో రాష్ట్ర కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. మన దేశంలో అలా కాదు. కేంద్ర చట్టం కేసైనా, రాష్ట్ర చట్టం కేసైనా ఇదే మెట్ల మీద ఎక్కుతుంది. గడువు విషయంలో మాత్రం అక్కడా కనికరం లేదు. ఫెడరల్ సివిల్ కేసుల్లో అప్పీలు నోటీసుకు మామూలుగా 30 రోజులే, ప్రభుత్వం కక్షిదారు అయితే 60.

పై మెట్టు ఎప్పుడూ ఒకే చోట లేదు. అనంతపురం జిల్లా వాళ్లు ఒకప్పుడు మద్రాసు హైకోర్టుకు, అక్కడా ఓడితే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లాల్సి వచ్చేది. 1949లో లండన్ దారి మూసేశారు. 1954లో హైకోర్టు గుంటూరుకు, 1956లో హైదరాబాద్‌కు, 2019 జనవరి 1న అమరావతికి వచ్చింది.

గడువు లెక్క

లిమిటేషన్ చట్టం ప్రకారం జిల్లాలోని పైకోర్టులో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టులో అయితే 90 రోజులు. తీర్పు, డిక్రీ సర్టిఫైడ్ కాపీల కోసం పట్టిన రోజులను ఇందులోంచి తీసేస్తారు. అందుకే తీర్పు వచ్చిన రోజే, కాకుంటే మర్నాడే, కాపీ కోసం అప్లికేషన్ వేయాలి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. అప్లికేషన్ వేయకుండా ఇంట్లో కూర్చున్న రోజులు మినహాయింపులోకి రావు. కోర్టు ఆఫీసు స్టాంపులు అడిగాక కట్టడంలో చేసిన ఆలస్యం, కాపీ సిద్ధమయ్యాక తీసుకోని రోజులు కూడా మన ఖాతాలోనే పడతాయి. ఈ తేదీలన్నీ కాపీ మీదే రాసి ఉంటాయి కాబట్టి దాచడానికి వీలుండదు.

గడువు దాటితే దారి పూర్తిగా మూసుకుపోదు. సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయొచ్చు. అయితే సరైన కారణం చూపాలి. ఆస్పత్రిలో ఉంటే డిశ్చార్జి కాగితం, ఊళ్లో లేకపోతే ప్రయాణం టికెట్ లాంటి రుజువు కావాలి. మన్నించాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం.

అప్పీలు వేస్తే సరిపోదు, స్టే కావాలి

అప్పీలు నంబరు పడగానే కింది డిక్రీ ఆగిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. పైకోర్టు స్టే ఇస్తేనే ఆగుతుంది. స్టే లేకపోతే గెలిచినవాళ్లు డిక్రీ అమలుకు పిటిషన్ వేసుకోవచ్చు. డబ్బు డిక్రీ అయితే స్టే ఇచ్చేముందు కొంత డబ్బు జమ చేయమనో, హామీ చూపమనో కోర్టు అడగొచ్చు. గెలిచినవాళ్లకూ ఒక జాగ్రత్త ఉంది. ముందే కేవియట్ వేస్తే తమ మాట వినకుండా స్టే ఇవ్వకుండా చూసుకోవచ్చు. కేవియట్ 90 రోజులు పనిచేస్తుంది.

ధర్మవరంలో ఒక చీరల వ్యాపారి మీద ప్రామిసరీ నోటు దావా పడిందనుకుందాం. సమన్లు అందలేదు, ఆయన కోర్టుకు పోలేదు, ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది. ఆయన అప్పీలుకైనా వెళ్లొచ్చు, లేదా అదే కోర్టులో డిక్రీ రద్దు చేయమని అడగొచ్చు. దానికీ 30 రోజులే. సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క.

పైకోర్టు ఏం చూస్తుంది?

మొదటి అప్పీలులో సాక్ష్యం, చట్టం రెండూ మళ్లీ చూస్తారు. కానీ కొత్త సాక్షులతో విచారణ మొదటి నుంచి జరగదు. కింది కోర్టులో పెట్టని కాగితం పైన పెట్టాలంటే ప్రత్యేకంగా అనుమతి కావాలి. హైకోర్టులో రెండో అప్పీలు ఇంకా ఇరుకు. గట్టి చట్టపరమైన ప్రశ్న ఉంటేనే వింటారు.

హిబా సంగతే చూడండి. మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక కేసులో 1968 నాటి రిజిస్టర్ కాని హిబా పత్రం చెల్లదని హైకోర్టు అంది. 2011 మేలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఇస్తున్నానని చెప్పడం, తీసుకోవడం, స్వాధీనం చేయడం, ఈ మూడూ జరిగితే రిజిస్ట్రేషన్ లేదన్న ఒక్క కారణంతో ముస్లింల హిబా చెల్లకుండా పోదంది. హిందూపురం చెల్లెలికి ఇది బలమైన ఆధారం. కానీ ఆ మూడూ జరిగాయని సాక్ష్యం కింది కోర్టు రికార్డులో ఉండాలి, అప్పీలు గడువులో పడాలి.

వక్ఫ్ ఆస్తి దారి వేరు

పెనుకొండలో ఒక వక్ఫ్ భూమి మీద తగాదా వస్తే అది వక్ఫ్ ట్రిబ్యునల్‌కు పోతుంది. ఇదివరకు ట్రిబ్యునల్ మాటే ఆఖరు, హైకోర్టు రివిజన్‌లో మాత్రమే చూసేది. 2025 సవరణ చట్టం తర్వాత ఆర్డరు అందిన 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

సంతకం పెట్టేముందు

రాజీ డిక్రీ మీద మామూలుగా అప్పీలు లేదు. లోక్ అదాలత్ అవార్డు మీద కూడా లేదు. ఇంటి గొడవ రాజీతో తీరడం మంచిదే, కానీ ఆడపిల్లలు తమ హిస్సా ఎంతో చదివి తెలుసుకున్నాకే సంతకం పెట్టాలి.

ఖర్చుకు భయపడి ఆగిపోవాల్సిన పని లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 చట్టం చెబుతోంది. కోర్టు ఆవరణలోని లీగల్ సర్వీసెస్ కమిటీలో అడగొచ్చు, 15100కు ఫోన్ చేయొచ్చు.

మామూ ఆ చెల్లెలితో అనాల్సిన మాట ఒకటే: "పద బేటీ, ముందు కాపీకి అప్లికేషన్ వేసొద్దాం. పండగ సంగతి తర్వాత."