ఆడ మొక్క అక్కర్లేని తోట

పెరట్లో బొప్పాయి గింజలు నాటితే పూత వచ్చేదాకా ఏది ఆడో ఏది మగో చెప్పలేం. పొడవాటి కాడలకు గుత్తులు గుత్తులుగా పూలు వేలాడాయంటే అది పోతుబొప్పాయి. దాన్ని కొట్టేస్తారు. తోటల్లో అయితే పుప్పొడి కోసం ఒకటో రెండో ఉంచుతారు. తాటిచెట్లలోనూ అంతే. ముంజెలు కాసేది ఆడతాడే, పోతుతాడు కాయదు. ఇలా ఆడ, మగ వేరువేరు చెట్లుగా ఉన్నచోట ఆడదానికే గౌరవం. కాని మగ మొక్కల్నే ఏరికోరి కొని నాటుకునే కూర మొక్క కూడా ఒకటి ఉంది. అదే ఆస్పరాగస్.

ఈ పేరు మీకు కొత్త కాకపోవచ్చు. ఆకుల పనిచేసే కాండాలకు, అంటే క్లాడోడులకు, వృక్షశాస్త్రంలో దీన్నే ఉదాహరణగా చెబుతాం. మన అడవుల్లో దొరికే పిల్లితేగలు, అదే శతావరి, దీని దాయాది. కూరగా తినేది మాత్రం చలికాలం గట్టిగా ఉండే దేశాల మొక్క. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉన్న మీ బంధువులను అడిగి చూడండి, తప్పకుండా ఎరిగి ఉంటారు.

వసంతకాలంలో నేలలోంచి వేలెడు లావున లేత మొలకలు బాణాల్లా లేస్తాయి. జానెడు పొడవు రాగానే కోసి వండుకుంటారు. కోయకుండా వదిలితే అవి ఛాతీ ఎత్తు పొదలై, ఎండలో ఆహారం తయారు చేసి వేళ్ళలో దాచుకుంటాయి. చలికాలంలో పైభాగం ఎండిపోతుంది. మళ్ళీ వసంతంలో ఆ దాచిన ఆహారంతోనే మొలకలు వస్తాయి. అందుకే నాటిన మొదటి రెండేళ్ళు దాదాపు కోయకూడదు, వేళ్ళు బలపడాలి. ఆ తరువాత పదిహేనేళ్ళకు పైగా కూర ఇస్తుంది. గోంగూర బాగాలేకపోతే పీకేసి ఇంకో రకం చల్లుకుంటాం. ఇక్కడ రకం నచ్చలేదని తెలిసేసరికే మూడేళ్ళు అయిపోతాయి!

మరి మగ మొక్క గొప్పేమిటి? ఆడ మొక్క తన ఆహారంలో కొంత ఎర్రటి పళ్ళకూ గింజలకూ ఖర్చు పెడుతుంది. మగ మొక్కకు ఆ ఖర్చు లేదు. అందుచేత దానికి మొలకలు ఎక్కువ. ఆడ మొక్క మొలకలు కాస్త లావుగా ఉంటాయి గాని సంఖ్య తక్కువ. పైగా రాలిన గింజలు మొలిచి, మడినిండా కలుపై కూర్చుంటాయి. (ఆ పళ్ళు అందంగా ఉంటాయి గాని తినకూడదు, విషం.)

పూర్వం ఈ ఎంపికకు దారి లేదు. 1896లో అమెరికాలో ఆస్పరాగస్‌కు తుప్పు తెగులు కనిపించి తోటలను దెబ్బతీసింది. అప్పుడు అక్కడి వ్యవసాయశాఖకు చెందిన జె. బి. నార్టన్ మసాచుసెట్స్‌లో ఎన్నో రకాలను పరీక్షించి, తెగులుకు తట్టుకునే మొక్కల్ని సంకరం చేశాడు. అలా వచ్చినదే ‘మేరీ వాషింగ్టన్’. నేటికీ దాని గింజలు చవకగా దొరుకుతాయి. కాని వాటిలో సగం ఆడ, సగం మగ.

ఎందుకలా? మనలో లాగే ఇందులోనూ ఆడదానికి ఎక్స్-ఎక్స్, మగదానికి ఎక్స్-వై. రెంటినీ కలిపితే సగం సగమే వస్తాయి. అన్నీ మగవే రావాలంటే తండ్రి దగ్గర ఎక్స్ అసలు ఉండకూడదు. అలాంటి తండ్రి ఎక్కడ దొరుకుతాడు?

ప్రకృతే దారి చూపింది. మగ పువ్వులో కూడా ఎండిపోయినట్టుండే చిన్న అండాశయం ఉంటుంది. ఎప్పుడో అరుదుగా అది పనిచేసి, మగ మొక్కే పండు కాస్తుంది. ఆ గింజల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ ఎక్స్-వైలే! నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీసి చూడండి. ఒక పాలు ఆడ, రెండు పాళ్ళు మామూలు మగ, ఒక పాలు వై-వై. ఈ వై-వైకి ‘సూపర్ మేల్’ అని పేరు. మహాపోతు అందామా! దీన్ని ఆడ మొక్కతో కలిపితే సంతానమంతా ఎక్స్-వై, అంటే మగవే.

మనుషుల్లో ఎక్స్ లేని పిండం బతకదు. ఇక్కడ బతుకుతుంది, ఎందుకంటే ఈ మొక్కలో ఎక్స్, వైల మధ్య తేడా చాలా స్వల్పం. 2017లో శాస్త్రజ్ఞులు వై మీద కీలకమైన రెండు జన్యువులను గుర్తించారు. ఒకటి అండాశయాన్ని అణిచేస్తుంది, రెండోది పుప్పొడి తయారుకు కావాలి.

న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో హోవార్డ్ ఎలిసన్ ఈ పద్ధతిలోనే ‘జెర్సీ జెయింట్’ను రూపొందించాడు. చలి ప్రాంతంలో పెరడు ఉన్నవాళ్ళకు ఇది గాని, కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వారి ‘మిలీనియం’ గాని మంచిదని నేనంటాను. కాలిఫోర్నియాలాంటి వెచ్చని చోటికి అక్కడే పుట్టిన ‘యూసీ 157’ తగినది. ఇందులో ఆడ మొక్కలూ ఉంటాయి గాని వాతావరణం కుదరడమే ముందు చూడాలి. ఒక చిక్కు మాత్రం ఉంది. మగవే ఉన్న మడిలో గింజ రాదు, మళ్ళీ నాటాలంటే మళ్ళీ కొనాల్సిందే. సొంత గింజ దాచుకోవాలనుకునేవాడికి పాత మేరీ వాషింగ్టనే మేలు.

మరి బజారులో కనిపించే తెల్ల ఆస్పరాగస్? అది వేరే రకం కానక్కరలేదు. మొలకల మీద మట్టి ఎగదోసి వెలుతురు తగలనీయకపోతే పత్రహరితం ఏర్పడదు, తెల్లగానే ఉంటాయి. ఊదారంగు ‘పర్పుల్ ప్యాషన్’ నిజంగానే వేరే రకం. దానిలో క్రోమోసోములు మామూలు ఇరవైకి బదులు నలభై. కాని పొయ్యి మీద పెట్టగానే ఊదారంగు పోయి పచ్చదనం బయటపడుతుంది. అందుకని దాన్ని పెంచేవాళ్ళు రంగు పోకుండా పచ్చిగానే తరిగి తింటూ ఉంటారు.