పుష్పకానికి చమురు పోసిందెవరు?

పర్ణశాలకు వచ్చిన యాత్రికులకు మావాళ్ళు తప్పకుండా చూపించేవి రెండున్నాయి. ఒకటి, సీతమ్మవారు నారచీరలు ఆరవేసిందని చెప్పే సీతవాగు రాళ్ళు. రెండవది, గోదావరి ఆవలిగట్టున కనిపించే రథంగుట్ట. రావణాసురుడు తన విమానాన్ని అక్కడే నిలిపాడని ప్రతీతి. మొన్న మా మనవణ్ణి వెంటబెట్టుకుని రేవుకు వెళితే, వాడు ఆ గుట్టవంక చాలాసేపు చూసి, "తాతా, లంక నుంచి ఇంత దూరం వచ్చాడు గదా! తిరిగి పోవటానికి ఇక్కడ చమురు ఎవరు పోశారు?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. కాని, అడగవలసినవాణ్ణే అడిగాడు. వైమానిక దళంలో ఇరవై యేళ్ళు నేను చేసిన కొలువు అదే. సెలవుమీద ఇంటికి వస్తే, "ఎన్ని విమానాలు నడిపావయ్యా?" అని ఊరివాళ్ళు అడిగేవారు. ఒక్కటీ నడపలేదనీ, వాటికి చమురు పోస్తాననీ చెబితే పాపం, వారి ముఖాలు చిన్నబోయేవి.

పుష్పకం యజమాని తలచుకుంటే కదిలేదట. మన హెలికాప్టర్లు అలా కదలవు. అవి తాగేది పెట్రోలనుకుంటారు చాలామంది. ఈనాటి జెట్ విమానాలకూ, సైన్యం వాడే హెలికాప్టర్లకూ పోసేది శుద్ధిచేసిన ఒక రకం కిరసనాయిలే. విమానం దిగి ఆగగానే చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాలి. మంటలార్పే సరంజామా దగ్గర ఉంచుకోవాలి. గొట్టం తగిలించే ముందు చమురు బండికీ విమానానికీ తీగ కలపాలి. గొట్టంలో వేగంగా పారే చమురుకు విద్యుత్తు పుడుతుంది. ఆ తీగ లేకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు, అంతా భస్మం.

ఎంత పోయాలన్నది ఇంకొక చిక్కు. లీటరు చమురు సుమారు 800 గ్రాములు తూగుతుంది. 500 లీటర్లు అదనంగా పోస్తే 400 కిలోల బరువు పెరుగుతుంది. అంటే వరదలో ఆరుగురు మనుషులను ఎక్కించుకునే చోటు పోయినట్టే. తక్కువ పోస్తే దూరం వెళ్ళలేదు. ఈ లెక్క తప్పితే ఏమవుతుందో 1983లో కెనడాలో తేలింది. లీటర్లను కిలోలుగా మార్చటంలో 0.8 వేయవలసిన చోట, పౌనుల లెక్కకు పనికివచ్చే 1.77 వేశారు. ఒక బోయింగ్ 767 విమానం సగానికి తక్కువ చమురుతో లేచి, 41,000 అడుగుల ఎత్తున ఇంజన్లు ఆగిపోయి, గాలిలో జారుతూ గిమ్లీ అనే పాత వైమానిక స్థావరంలో దిగింది. అందరూ బ్రతికారు. అది పైలట్ల చాకచక్యం.

అన్నిటినీ మించిన శత్రువు నీరు. నీరు చమురు కన్న బరువు, అడుగున చేరుతుంది. ఆ కాస్త నీరూ ఇంజనుకు అందితే మంట ఆరిపోవచ్చు. ఎత్తుకు పోయాక చలికి గడ్డకట్టి వడపోతలను మూసివేయవచ్చు. అందుకే పోసే ముందు గాజుపాత్రలో కాస్త పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తాం. నీటిని కనిపెట్టే ఒక పసుపుపచ్చ బిళ్ళ కూడా ఉంటుంది. నీరు తగిలితే దాని రంగు మారిపోతుంది.

ఇక నా మాట. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు పొంగింది. 53 అడుగులకే అక్కడ మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారు! అప్పుడు నేను వందల మైళ్ళ దూరాన ఉన్నాను. మా అమ్మ ఊరివాళ్ళతో పాటు మెరకమీద రెండు రాత్రులు గడిపింది. "ఆకాశంవంక చూసి చూసి మెడలు పడిపోయినయిరా" అని తరువాత చెప్పింది.

మూడేళ్ళు గడిచాయి. ఇంకొక రాష్ట్రం, ఇంకొక నది, అదే వరద. ఒక బడి మైదానంలో తాత్కాలికంగా హెలికాప్టరు దిగే చోటు ఏర్పాటు చేశారు. చమురు పీపాలలో వచ్చింది. పీపాలను నిలువుగా ఉంచితే మూతమీద వాననీరు నిలుస్తుంది. పగలు వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే పీపా ఆ నీటిని బిరడా సందునుంచి లోపలికి పీల్చుకుంటుంది. అంచేత పీపాలను పడుకోబెట్టాలి. అక్కడ ఎవరో నిలువుగా పెట్టారు. మొదటి పీపాలో బిళ్ళ రంగు మారింది. రెండవదానిలోనూ మారింది.

"మిద్దెలమీద జనం ఉన్నారు. ఆ కాస్తకే ఆపుతావా?" అన్నాడు పైలట్. ఆయన కోపం న్యాయమే. నేను సంతకం పెట్టలేదు. మిగతా పీపాలన్నీ పరీక్షించి, మంచివి ఏరి, వడగట్టి పోసేసరికి గంట దాటింది. ఆ గంటంతా మా అమ్మ మాటే చెవిలో మోగింది. మిద్దెమీద ఉన్నవారికి గంట అంటే ఏమిటో నాకు తెలుసు. అయినా, రాని హెలికాప్టరు కన్న ఆలస్యంగా వచ్చినది మేలు గదా!

సాయంకాలం లోపల మూడు విడతలుగా జనాన్ని తెచ్చారు. ఆయన నాతో ఏమీ మాట్లాడలేదు. మర్నాడు తెల్లవారి ఎక్కబోయే ముందు నా చేతిలోని గాజుపాత్ర తీసుకుని, వెలుతురుకు ఎత్తి తానే చూసి, తిరిగి ఇచ్చాడు. అంతే.

2022 జులైలో గోదావరి మళ్ళీ 71.3 అడుగులకు వచ్చింది. ఎగువన మంచిర్యాల జిల్లా సోమనపల్లిలో చిక్కుకున్న ఇద్దరిని వైమానిక దళపు హెలికాప్టరు కాపాడింది. ఆ బొమ్మలు మీరూ చూసే ఉంటారు. హెలికాప్టరు లేవకముందు దానికి ఎవరో చమురు పోసి ఉంటారని నేను అనుకున్నాను.

ఇంటికి వచ్చాక పాత లాంతరులో మిగిలిన కిరసనాయిలు ఒక సీసాలో పోసి, నాలుగు చుక్కలు గోదావరి నీళ్ళు కలిపి బాగా ఆడించి, మనవడి ముందు పెట్టాను. కాసేపటికి నీరు అడుగున మెరిసింది.

"ఇంత కొంచెమా, తాతా?" అన్నాడు.

"అంత కొంచెమేరా" అన్నాను.