కారు రేడియోలో సింఫనీ

మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో లీక్స్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే రేడియోలో ఏబీసీ క్లాసిక్ పెడతాను. 1906లో పుట్టిన మెల్‌బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీలు అందులో వస్తుంటాయి.

బీతోవెన్ ఐదో సింఫనీ అయితే చెవి రిక్కిస్తాను. అది మౌనంతో మొదలవుతుంది: లిప్తపాటు విరామం, వెంటనే మూడు పొట్టి స్వరాలు, ఒక దీర్ఘం. తీగవాద్యాలు, క్లారినెట్లు ఒక్కసారిగా పడ్డాయా, చెదిరాయా? రేడియో దాన్ని దాచలేదు. శ్రుతినీ దాచలేదు.

ధ్వని హెచ్చుతగ్గుల్ని మాత్రం నమ్మను. మూడో భాగం చివర డ్రమ్ము గుసగుసలోంచి నాలుగో భాగపు హోరు పుడుతుంది. కారు చప్పుడులోనూ వినబడాలని ప్రసారంలో తరచు ఆ తేడాను కుదిస్తారు. అందుకు వాయించినవాళ్లను తప్పుపట్టకూడదు.

ఆకాశవాణి వాద్యబృందాన్ని నడిపిన ఈమని శంకరశాస్త్రి వీణను మా నాన్న రేడియోకి చెవి ఆనించి వినేవారు. గమకం దగ్గర కళ్లు మూసుకునేవారు. ఆయనకు గమకం ఎలాగో నాకు అలాగే: సింఫనీ నేరుగా వినడానికి మెల్‌బోర్న్‌లోని హేమర్ హాల్‌కి టికెట్ కొన్నప్పుడు నేను ఎదురుచూసేది ఆ డ్రమ్ము గుసగుస కోసమే.