ఫిల్ము కోయని ఆపరేటరు

మా నగరికి ఆనవాలు ఊరి మీదికి తొంగిచూచు కొండ. వెల్లకిల పండుకొన్న మనుజుని నాసికవలె నింగికెత్తి నిలిచిన ఆ శిఖరమును, ఆంగ్లేయుల కాలమున సముద్రముపై పోవు నావికులు సైతము గుర్తుగా నెంచుకొని, నగరి ముక్కు అని వ్యవహరించిరి. ఇటీవల ఒక మిత్రుడు ఆ కొండను సెల్‌ఫోనుతో వీడియో తీసి కంప్యూటరు తెరపై చూపగా, మా ఘనమైన ముక్కు చప్పిడి ముక్కై కనబడెను. కొండ మారలేదు, తీసిన బొమ్మయు మారలేదు. తెరకు సరిపెట్టిన కొలత తప్పినది.

ఈ కొలతల చిక్కు క్రొత్తది కాదు. 1974లో విడుదలయిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగున తొలి సినిమాస్కోపు చిత్రము. ఆ పద్ధతియందు విశాలమైన దృశ్యము ఫిల్ముపై అడ్డముగా సగమునకు నొక్కుకొని ముద్రితమై, ప్రదర్శనశాలలో ప్రత్యేకమైన లెన్సుచేత మరల రెండింతలుగా విప్పారును. ఆపరేటరు ఫిల్మును కత్తిరింపడు, సాగదీయడు. చిత్రమునకు తగిన రంధ్రముగల రేకును ప్రొజెక్టరు గేటులో నుంచి, అక్కరలేని అంచులను మరుగుపరచి, లెన్సు మార్చును, అంతే. మామూలు న్యూసురీలు ముగిసి స్కోపు బొమ్మ మొదలైనను అతడు లెన్సు మార్చ మరచినచో, తెరపై నాయకుడు వెదురుబొంగువలె సన్నగిలెడివాడు, నేలటిక్కెట్టువారు ‘ఆపరేటరూ!’ అని కేకలు వేసెడివారు.

కంప్యూటరునందు ఆ ఆపరేటరు స్థానమున నుండు ప్రోగ్రామును కంపోజిటరందురు. ఈ పేరు వినగానే అచ్చుకూటమున సీసపుటక్షరములు పేర్చు మనిషి తలపునకు వచ్చుట సహజము. ఇదియు పేర్చునదే, కాని పేర్చునవి బొమ్మలు. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ ఆరంభించి, నేడు లినక్సు యంత్రములలో వాడుకకు వచ్చిన వేలాండ్ అను ఏర్పాటు ప్రకారము, ప్రతి ప్రోగ్రామును తన చిత్రమును బఫరు అను జ్ఞాపకపు ముక్కయందు గీసి కంపోజిటరునకు అప్పగించును. తెరను తాను తాకదు.

అట్లు అప్పగించుచు, ‘ఇందులో ఈ భాగమే చూపుము, ఇంత కొలతకు సాగదీయుము’ అని చెప్పుటకు వ్యూపోర్టరు అను అనుబంధము కలదు. దీని అక్కర యెట్టిదనగా, వీడియోలను కుదించు ప్రసిద్ధ పద్ధతులు కొన్ని బొమ్మను 16 బిందువుల గళ్లుగా విభజించును. 1080 వరుసలు 16చే నిశ్శేషముగా భాగింపబడవు గనుక 1088 వరుసలు నింపవలసి వచ్చును. మిగులు ఎనిమిది వరుసలను కోయుటకై బొమ్మకు క్రొత్త నకలు తీయవలెనన్న, బిందువునకు 4 బైట్ల చొప్పున ఒక్కొక్క బొమ్మకు సుమారు 83 లక్షల బైట్లు, సెకనుకు 30 బొమ్మలైనచో ఇంచుమించు 25 కోట్ల బైట్లు కదలింపవలెను. హద్దులు మాత్రము చెప్పి ఊరకున్నచో, పెక్కు యంత్రములలో తెరను నడపు చిప్పే ఆ కత్తిరింపును, సాగదీతను చేసికొనును.

అయితే ఆజ్ఞ తప్పైనచో ఫలమును తప్పే. పొడవు వెడల్పుల పొత్తు చెడునా యని కంపోజిటరు విచారింపదు. మా మిత్రుని ప్రోగ్రాము చతురస్రమునకు దగ్గరైన బొమ్మను వెడల్పాటి తెరనిండ పరచుమన్నది, కంపోజిటరు పరచినది. ఒక్క విషయమున మాత్రము అది మహా కఠినము: బఫరు హద్దు దాటి వెంట్రుకవాసి భాగము కోరినను, తప్పని యెంచి ఆ ప్రోగ్రాముతో సంబంధమునే త్రెంచివేయును. నిర్దయగా తోచినను ఈ పద్ధతి నాకు నచ్చినది. లేని దృశ్యమును కల్పించి చూపుటకన్న ఇది మేలు గదా! మరియు క్రొత్త బొమ్మ, క్రొత్త హద్దు, క్రొత్త కొలత, ఈ మూడును ‘కమిట్’ అను ఒక్క మాటతో ఏకకాలమున అమలగును. లెన్సు మారునందాక వెదురుబొంగులను చూచు దురవస్థ ఇచ్చట లేదు.

బొమ్మను సరియైన పొత్తున నిలిపినపుడు ఇరుప్రక్కల ఖాళీ మిగులును. పూర్వము సినిమాహాలులో ఆ చోటును నల్లగుడ్డతో మూసెడివారు. ఇప్పుడో, 2022లో వేలాండునకు చేరిన మరియొక ఏర్పాటుచేత ఒకే యొక నల్లబిందువుగల బఫరును పుట్టించి, దానినే వ్యూపోర్టరుతో తెర యెత్తున సాగదీయవచ్చును. కొలత సరిచేసికొని మొన్న మరల చూచితిమి: ఇరువైపుల నల్లని పట్టెల నడుమ నగరి ముక్కు, కొనతో సహా, నిటారుగా నిలిచియుండెను.